వాసన, రుచి: హకీముల పరిశోధన, దక్కన్ వారసత్వం

హైదరాబాద్ నుంచి పడమటి దిక్కుగా సాగే పాత రహదారిని ప్రజలు నేటికీ బీజాపూర్ రోడ్డు అనే పిలుస్తారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల పరిసరాలు దాటి ఇది మొయినాబాద్ చేరుతుంది. అక్కడి నుంచి చేవెళ్ల, మన్నెగూడల మీదుగా కన్నడ దేశం వైపు వెళుతుంది. ఇరువైపులా నిజాం కాలంనాటి మర్రిచెట్లు నీడ పడతాయి. ఆ చెట్ల వెనుక బంతి, చామంతి, గులాబీ తోటలూ, పుదీనా, కొత్తిమీర మడులూ, టమాటా, క్యారెట్, బీట్‌రూట్ చేలూ కనిపిస్తాయి. నగరంలోని పెళ్లి పందిళ్లకు, దేవాలయాలకు, దర్గాలకు వెళ్లే పూలలోనూ, నగరపు వంటిళ్లలో ఉడికే కూరలలోనూ ఈ రెండు మండలాల వాటా పెద్దది. ఒక్క మాటలో చెప్పాలంటే హైదరాబాద్ ముక్కుకూ నాలుకకూ మేత వేసేది ఈ నేలే.

ఈ దారికి రెండు కొసలలో ఒకప్పుడు రెండు దర్బారులుండేవి. తూర్పు కొసన 1591లో హైదరాబాద్ నగరాన్ని నిర్మించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షాహ్, పడమటి కొసన బీజాపూర్ నేలిన రెండవ ఇబ్రాహీం ఆదిల్ షాహ్. ఇద్దరూ 1580లోనే సింహాసనమెక్కారు. కులీ సోదరిని ఇబ్రాహీంకిచ్చి వివాహం చేయడంతో రెండు వంశాలకు బంధుత్వం కూడా కలిసింది. ఇద్దరూ కవులే, ఇద్దరూ తోటలను ప్రేమించినవారే. బీజాపూర్‌లో ఇబ్రాహీం పేరిట పారసీ భాషలో 'ఇత్రె నౌరస్ షాహీ' అనే గ్రంథం వెలువడింది. సుగంధ ద్రవ్యాల తయారీ, వాటి వాడుక దాని విషయం. ఒక రాజ్యం తన పండితుల చేత పరిమళం మీద శాస్త్ర గ్రంథం రాయించిందంటే ఆ కాలపు మనుషులు ముక్కును కేవలం ఊపిరి పీల్చే ద్వారంగా చూడలేదని తెలుస్తుంది. వారికి వాసన ఒక విద్య.

ఆ విద్య ఎక్కడ పుట్టింది, ఏ గ్రంథాల గుండా దక్కన్‌కు చేరింది, నేటి విజ్ఞానశాస్త్రం దానిలో దేనిని నిలబెట్టింది, దేనిని తోసిపుచ్చింది అనే విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల వలస

సుగంధాల చరిత్రను ముందుగా మాటలే చెబుతాయి. 'అత్తరు' అనే తెలుగు మాటకు మూలం అరబీ 'ఇత్ర్'. పూజగదిలోనూ ఫాతెహా సమయంలోనూ సమానంగా వెలిగే 'ఊదువత్తి'లోని 'ఊదు' అగరు చెక్కకు అరబ్బులు పెట్టిన పేరు. 'జవ్వాది' అరబీ 'జబాద్' నుంచి వచ్చినదే. అన్నిటికంటె విచిత్రమైనది 'గులాబీ'. పారసీలో 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. అంటే 'గులాబ్' అన్నది మొదట పూలనుంచి బట్టీపట్టిన నీటి పేరు. హిందూదేశం చేరిన తరువాత ఆ నీటి పేరే పువ్వు పేరుగా స్థిరపడింది. నీటికేమో తెలుగువారు 'పన్నీరు' అనే తమ మాటను వాడుకున్నారు. సరుకు ముందు వచ్చింది, మొక్క పేరు దాని వెనుక వచ్చింది.

ఈ ప్రయాణం ఒకవైపే సాగలేదు. చందనం అరబీలో 'సందల్' అయింది. మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ (1884-1953) అరబ్బులకు, హిందూదేశానికి గల సంబంధాలను గురించి చేసిన ప్రసిద్ధ ప్రసంగాలలో దివ్య ఖుర్‌ఆన్‌లోని మిస్క్, జంజబీల్, కాఫూర్ అనే మూడు పదాలకు మూలాన్ని హిందూదేశంలో చూపారు. కస్తూరిని తెలిపే 'మిస్క్', అల్లాన్ని తెలిపే 'జంజబీల్' సంస్కృత మూలం గలవని నేటి భాషావేత్తలు కూడా సాధారణంగా అంగీకరిస్తున్నారు. 'కాఫూర్' మూలం మలయ ద్వీపాలవైపు ఉండవచ్చునన్న అభిప్రాయం కూడా ఉంది. ఏమైనప్పటికీ గమనించదగిన విషయమొకటుంది. ఈ మూడు మాటలూ ముక్కుకూ నాలుకకూ సంబంధించినవే. రాజకీయాలకంటె, యుద్ధాలకంటె ముందు రెండు నాగరికతలను కలిపినవి వాసన, రుచి.

ఇస్లామీయ జీవన విధానంలో సుగంధానికి ఉన్న స్థానం పాఠకులకు తెలిసినదే. ఎవరైనా పరిమళాన్ని బహూకరిస్తే తిరస్కరించరాదన్న దైవప్రవక్త (సఅసం) బోధ సహీహ్ ముస్లింలో ఉంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని మస్జిదుకు రావద్దన్న ఆదేశం కూడా ప్రసిద్ధం. మొదటిది ఇతరులకు హాయి కలిగించడాన్ని నేర్పితే, రెండవది ఇతరులకు ఇబ్బంది కలిగించకపోవడాన్ని నేర్పుతుంది. వాసన ఒంటరి మనిషి వ్యవహారం కాదు, అది సంఘ మర్యాదకు చెందినదన్న గ్రహింపు ఈ రెండింటిలోనూ ఉంది. పరిమళ ద్రవ్యాల మీద ముస్లిం సమాజాలు చూపిన శ్రద్ధకు ఇదొక ముఖ్య కారణం.

బగ్దాదు బట్టీలు

క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దంలో బగ్దాదులో జీవించిన తత్త్వవేత్త అల్ కిందీ పేరుతో పరిమళాల రసాయనం గురించి, బట్టీపట్టే పద్ధతుల గురించి ఒక గ్రంథం మిగిలి ఉంది. అందులో నూటికి పైగా యోగాలున్నాయి. తైలాలు, లేపనాలు, సుగంధ జలాలు తయారుచేసే పద్ధతులతో పాటు ఖరీదైన కస్తూరి వంటి వాటికి నకళ్లు చేసే విధానాలు కూడా ఉండటం విశేషం. బజారులో మోసాన్ని పట్టుకోవాలంటే మోసం ఎలా జరుగుతుందో తెలియాలి కదా! ఆ కాలంలో ఫార్స్ ప్రాంతంలోని జూర్ పట్టణపు పన్నీరు దూరదేశాలకు ఎగుమతి అయ్యేది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దుకోవడం అవసరం. గులాబీల నుంచి పన్నీరు తీయడాన్ని ఇబ్నె సీనా (980-1037) కనిపెట్టారని అనేక పుస్తకాలు, ప్రసంగాలు చెబుతూ వచ్చాయి. ఇబ్నె సీనా పుట్టడానికి శతాబ్దం ముందే అల్ కిందీ పేరిట గల గ్రంథంలో ఆ పద్ధతి కనిపిస్తున్నది. లేని కీర్తిని అంటగట్టడం వల్ల మహనీయుల గౌరవం పెరగదు. పైగా వారు నిజంగా చేసిన పని మరుగున పడుతుంది. ఇబ్నె సీనా నిజంగా చేసినది పన్నీరు బట్టీ కంటె గొప్పది. మనిషి వాసనను, రుచిని ఎలా గ్రహిస్తాడన్న ప్రశ్నను ఆయన తర్కానికీ పరిశీలనకూ గురిచేశారు.

నాలుకే ప్రయోగశాల

రసాయన పరీక్షలు లేని కాలంలో ఒక మూలిక స్వభావాన్ని తెలుసుకోవడానికి హకీముకున్న సాధనాలు తన నాలుక, తన ముక్కు. అందువల్లనే 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' రెండవ భాగంలో ఇబ్నె సీనా రుచులను వర్గీకరించారు. తీపి, చేదు, ఉప్పు, పులుపు, కారం, వగరు, గాఢమైన వగరు, జిడ్డు అనేవి ఎనిమిది. ఏ రుచీ లేని చప్పదనాన్ని కూడా లెక్కిస్తే తొమ్మిది.

తెలుగువారి షడ్రుచులను దీని పక్కన పెట్టి చూస్తే పోలిక తేటతెల్లమవుతుంది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే ఆరింటిలో వగరును తీవ్రతను బట్టి రెండుగా విడదీస్తే ఏడు. నెయ్యి, కొవ్వు వంటి జిడ్డును చేర్చితే ఎనిమిది. చప్పదనంతో తొమ్మిది. ఇది కేవలం కాకతాళీయమని చెప్పలేము. అబ్బాసీ ఖలీఫాల కాలంలోనే చరక, సుశ్రుత గ్రంథాలు అరబీలోకి వచ్చాయి. అలీ బిన్ సహల్ రబ్బన్ తబరీ 850 ప్రాంతంలో పూర్తిచేసిన 'ఫిర్దౌసుల్ హిక్మత్'లో హిందూ వైద్యానికి ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించారు. అయితే రుచుల పట్టికకు యూనానీ మూలాలు కూడా ఉన్నాయి. అరిస్టాటిల్, గాలెన్‌ల గ్రంథాలు హకీములకు కంఠస్థం. రెండు ప్రవాహాలనూ చదివి, తమ అనుభవంతో తూచి చూసినవారు హకీములు.

కారం, చేదు, ఉప్పు రుచులు వేడి స్వభావాన్ని, వగరు, పులుపు రుచులు చల్లని స్వభావాన్ని తెలుపుతాయన్నది వారి సూత్రం. కాని సూత్రం చెప్పి ఊరుకోలేదు. నల్లమందు చేదుగా ఉన్నా దాని స్వభావం చల్లనిదని ఇబ్నె సీనా ఉదాహరణగా చూపి, రుచి ఒక్కదానినే నమ్ముకుంటే పొరపడవచ్చునని హెచ్చరించారు. తన సూత్రానికి తానే మినహాయింపు చూపగలగడం శాస్త్రజ్ఞుని లక్షణం.

రుచి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు 'షిఫా'లోని ఆత్మ విషయక భాగంలో ఆయన ఇచ్చిన సమాధానం ఇది: నాలుకపై పరచుకున్న నాడిలో ఆ శక్తి ఉంటుంది, పదార్థం నోటి తేమలో కలిసినప్పుడే నాలుక దానిని గ్రహిస్తుంది, ఆ తేమకు స్వంత రుచి ఉండరాదు. జ్వరంలో నోరు చేదెక్కినప్పుడు తేనె కూడా సరిగా రుచించదన్నది అందరికీ అనుభవమే. అద్దం మురికిపడితే ముఖం ఎలా కనిపించదో ఇదీ అంతే. వెయ్యేళ్ల క్రితపు ఈ వివరణలో మూడు ముక్కలున్నాయి: నాడి, లాలాజలం, కరగడం. మూడూ నేటికీ నిలిచాయి.

గద్దల వాదం

వాసన విషయంలో చిక్కు ఎక్కువ. పదార్థం నాలుకను తాకుతుంది, కాని పువ్వు ముక్కును తాకనక్కరలేదు. మరి వాసన ఎలా వస్తుంది? పువ్వు నుంచి సూక్ష్మమైన ఆవిరి లేచి వస్తుందని ఒక వాదం. పువ్వు పక్కనున్న గాలి మార్పు చెంది, ఆ మార్పు మాత్రమే ముక్కువరకు ప్రసరిస్తుందని రెండవ వాదం. రెండవ వాదంవారు ఒక ఉదాహరణ చూపేవారు. యుద్ధభూమిలోని శవాల కోసం రాబందులు ఎంతో దూరంనుంచి వస్తాయి. అంత దూరం ఆవిరి వ్యాపించడం అసాధ్యం కాబట్టి గాలే మారి ఉండాలి అని. ఇబ్నె సీనా ఈ ఉదాహరణకే ఎదురు ప్రశ్న వేశారు. ఆ పక్షులు ఆకాశంలో ఎంతో ఎత్తున ఎగురుతాయి, వాసన వల్ల కాక చూపు వల్లనే అవి వచ్చి ఉండవచ్చు కదా అన్నారు.

ఆసియా, ఆఫ్రికా, యూరప్ ఖండాల రాబందులు ప్రధానంగా చూపుతోనే ఆహారాన్ని కనుగొంటాయని ఆధునిక పక్షిశాస్త్రం నిర్ధారించింది. అమెరికా ఖండంలోని కొన్ని జాతులు మాత్రమే వాసన పట్టి వెదుకుతాయి. ఇబ్నె సీనాకు తెలిసిన రాబందుల విషయంలో ఆయన అనుమానం సరైనదే. ఇక ఆవిరి వాదం సంగతి: వాసన అంటే వస్తువు నుంచి విడిపోయి గాలిలో తేలి వచ్చే అణువులేనని నేడు అందరూ అంగీకరిస్తున్నారు.

వాసనను గ్రహించే స్థానమేదన్నది మరొక ప్రశ్న. మెదడు ముందు భాగంలో, ముక్కు పైన, చనుమొనల వంటి రెండు చిన్న బొడిపెలున్నాయనీ, వాసన శక్తి వాటిలో ఉందనీ ఇబ్నె సీనా రాశారు. జల్లెడవంటి ఎముక గుండా వాసన పైకి చేరుతుందని గాలెన్ నుంచి హకీముల వరకు భావించారు. ఆ బొడిపెలు నిజంగా ఉన్నాయి. నేటి వైద్యులు వాటిని ఘ్రాణ కందాలంటారు. జల్లెడ ఎముక కూడా నిజమే. పొరపాటు ఒక్కచోట జరిగింది. ఆ రంధ్రాల గుండా పోయేది గాలి, ఆవిరి కాదు, నాడీ తంతువులు. వాసనను మొదట పట్టేది మెదడు కాదు, ముక్కు పైకప్పులోని ఒక చిన్న పొర.

మనిషికి వాసనలను వర్ణించే పేర్లు తక్కువ అన్న పరిశీలన కూడా అరిస్టాటిల్ మొదలు ఇబ్నె సీనా వరకు ఉంది. బాగున్నది, బాగులేదు అని అంటాము. లేదా రుచి పేరు అరువు తెచ్చుకొని తియ్యని వాసన, పుల్లని వాసన అంటాము. తెలుగు కొంత నయం. కమ్మదనం, కంపు, నీచు, కమరు, ముక్క వాసన, మాడు వాసన అని వేరువేరుగా చెప్పగలదు. అయినా చామంతి వాసనకూ బంతి వాసనకూ గల తేడాను పూల పేరెత్తకుండా చెప్పమంటే తెలుగు కవి కూడా తడబడతాడు.

నేటి శాస్త్రం చెప్పేది

ఊపిరితో లోపలికి వెళ్లిన అణువులు ముక్కు పైభాగాన ఉన్న పలుచని చీమిడి పొరలో కరుగుతాయి. అక్కడ లక్షల సంఖ్యలో ఘ్రాణ నాడీకణాలున్నాయి. వాటి కొసన సూక్ష్మమైన కేశాలు, ఆ కేశాలపై గ్రాహకాలు ఉంటాయి. తాళానికి తాళంచెవి తగిలినట్టు అణువు గ్రాహకానికి తగులుతుంది. 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఈ గ్రాహకాలను తయారుచేసే జన్యువుల పెద్ద కుటుంబాన్ని కనుగొన్నారు. 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మనిషిలో పనిచేసే ఘ్రాణ గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఒక్కొక్క కణం దాదాపుగా ఒకే రకం గ్రాహకాన్ని ధరిస్తుంది. ఒక అణువు అనేక గ్రాహకాలను తాకగలదు, ఒక గ్రాహకం అనేక అణువులకు స్పందించగలదు. అక్షరాలు కొద్దివైనా మాటలు లెక్కలేనన్ని ఏర్పడినట్టు, ఈ కూర్పుల వల్ల అసంఖ్యాకమైన వాసనలు ఏర్పడతాయి.

ఈ కణాల తంతువులు జల్లెడ ఎముకను దాటి ఘ్రాణ కందాలను చేరతాయి. అక్కడి నుంచి సమాచారం జ్ఞాపకానికి, భావోద్రేకాలకు స్థానమైన మెదడు భాగాలకు దగ్గరి దారిన పోతుంది. చూపు, వినికిడి మొదట ఆగే మజిలీ వాసనకు లేదు. ఎన్నడో చనిపోయిన తండ్రి షేర్వానీలోని అత్తరు వాసన తగలగానే ఆయన ఎదుట నిలిచినట్టనిపించడం ఇందువల్లనే. యూసుఫ్ సూరాలో యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) తన కుమారుని పరిమళాన్ని గుర్తించిన ఘట్టం ఉంది. అది దైవ మహిమకు చెందిన వృత్తాంతం, దానిని శరీరశాస్త్ర పాఠంగా చదవరాదు. కాని ఎడబాటులో ఉన్న తండ్రికి కుమారుని ఆనవాలు వాసన రూపంలో అందడం ఎందుకంత హృదయాన్ని తాకుతుందో ప్రతి మనిషికీ తెలుసు.

నాలుక సంగతికి వస్తే, దానిపై కనిపించే గరుకు బొడిపెలలో అనేకం రుచి తెలిసేవి కావు. కొన్నిటిలో మాత్రమే రుచి మొగ్గలుంటాయి. ఒక్కొక్క మొగ్గలో 50 నుంచి 100 వరకు కణాలుంటాయి, అవి కొద్ది రోజులకొకసారి పాతవి పోయి కొత్తవి పుడతాయి. నేటి శాస్త్రం అంగీకరించే మూల రుచులు ఐదు: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామీ. ఐదవదానిని 1908లో జపాను రసాయనవేత్త కికునే ఇకేదా సముద్రపు నాచు చారులో కనుగొన్నారు. పండిన టమాటాలో అది పుష్కలం. చేవెళ్ల టమాటా వేసిన పప్పు కమ్మగా ఉండటంలో దానికి భాగముంది. తీపిని పట్టడానికి ముఖ్యంగా ఒక్క రకం గ్రాహకం చాలు, చేదుకు మాత్రం సుమారు 25 రకాలున్నాయి. విషాలు అనేక రకాలు కాబట్టి కావలివారు కూడా అనేకమంది ఉండాలి. నాలుక కొసన తీపి, వెనుక చేదు అని బడి పుస్తకాలలో అచ్చయిన పటం తప్పు. రుచి మొగ్గలున్న చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి.

మరి కారం ఏమైనట్టు? మిరపలోని ఘాటు పదార్థం రుచి మొగ్గలను తాకదు. వేడిని, మంటను తెలిపే నాడులను అది మోసగిస్తుంది. ఈ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. పుదీనా చల్లదనం కూడా ఇటువంటిదే. చలిని తెలిపే నాడిని అది తట్టిలేపుతుంది. వగరు కూడా రుచి కాదు, స్పర్శ. పిందెలలోని పదార్థం లాలాజలపు జిగిని పట్టివేయడం వల్ల నోరు బిగిసినట్టవుతుంది. జిడ్డు విషయంలో మాత్రం చర్చ ముగియలేదు. కొవ్వు ఆమ్లాలను ఆరవ రుచిగా లెక్కించాలని కొందరు శాస్త్రజ్ఞులు వాదిస్తున్నారు. ఇబ్నె సీనా పట్టికలోని ఎనిమిదవ రుచి ఈనాటికీ సభలో నిలబడే ఉంది!

ఇబ్నె సీనా కారమని చెప్పినది మిరియం, ఆవాల వంటి వాటి ఘాటు. మిరపకాయ అమెరికా నుంచి పోర్చుగీసు ఓడలలో పదహారవ శతాబ్దంలో హిందూదేశం చేరింది. మిరప అన్న పేరే మిరియాన్ని గుర్తుచేస్తుంది. అంటే నేడు తెలంగాణా వంటకు ప్రాణమని భావించే ఎర్రకారాన్ని తొలి కుతుబ్ షాహీల వంటశాల ఎరుగదు.

ఇక భోజనంలో రుచి అని అందరూ చెప్పేదానిలో పెద్ద భాగం వాసనే. నమలేటప్పుడు అణువులు గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కుతాయి. ముక్కు గట్టిగా మూసుకొని ఒక ఏలకుల గింజను చక్కెరతో కలిపి నమిలితే తీపి మాత్రమే తెలుస్తుంది. ముక్కు వదలగానే ఏలకి వెలుగులోకి వస్తుంది. జలుబు చేసినప్పుడు బిర్యానీ చప్పగా ఉండటానికి కారణమిదే. నాలుక బాగానే ఉంది, ముక్కే మూసుకుపోయింది.

గులాబీ పడిశం

హకీముల కాలంలోనే గులాబీకీ ముక్కుకూ సంబంధించిన ఒక ముచ్చట ఉంది. అబూ జైద్ బల్ఖీ అనే విద్వాంసునికి వసంతకాలంలో గులాబీలు వాసన చూసినప్పుడు పడిశం పట్టేది. దానికి కారణమేమిటో వివరిస్తూ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ (865-925) ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశారు. ఋతువును బట్టి వచ్చే ఈ వ్యాధిని వైద్య చరిత్రలో గుర్తించిన తొలి రచనలలో ఇదొకటి. ఇంగ్లండులో జాన్ బోస్టాక్ తన స్వంత వ్యాధిని వర్ణించింది 1819లో. పుప్పొడే కారణమని చార్లెస్ బ్లాక్లీ ప్రయోగాలతో చూపింది 1873లో. గులాబీ పుప్పొడి బరువైనది, గాలిలో దూరం పోదు. అదే ఋతువులో పూసే గడ్డి, చెట్ల పుప్పొడి చాలావరకు అసలు దోషి. నేరం చేసింది ఒకరైతే, అందంగా కనిపించినందుకు పట్టుబడింది మరొకరు.

రాజీ మహా గ్రంథం 'అల్ హావీ'ని అచ్చువేసి ప్రపంచానికందించిన కీర్తి హైదరాబాద్‌ది. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ దానిని 1955 నుంచి సంపుటాలుగా ప్రకటించింది. అందులో చెవి, ముక్కు, పళ్ల వ్యాధులకు ప్రత్యేక భాగముంది. 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా ఉర్దూలోకి తెచ్చిన శాస్త్ర గ్రంథాలను, ఈ అరబీ ముద్రణలను కలిపి చూస్తే, పాత విద్యను కాపాడటం, కొత్త విద్యను అనువదించడం రెండూ ఒకే నగరంలో ఏకకాలంలో జరిగాయని తెలుస్తుంది.

పరిమళం లేని గులాబీ

మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలలో గత రెండు మూడు దశాబ్దాలుగా పాలిథీన్ కప్పుల కింద డచ్ గులాబీలు, జెర్బెరాలు విరివిగా పండిస్తున్నారు. పొడుగాటి కాడ, పెద్ద మొగ్గ, ఎక్కువ రోజులు వాడకుండా ఉండే గుణం వాటి ఆకర్షణ. కాని అనేక రకాలకు వాసన నామమాత్రం. పువ్వు నిలువ ఉండాలనే లక్ష్యంతో తరాల తరబడి ఎంపిక చేయడంలో పరిమళం చేజారింది. 2015లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గులాబీ పరిమళంలో ముఖ్య భాగాన్ని తయారుచేసే ఒక ఎంజైమును కనుగొన్నారు. వాసన లేని రకాలలో అది దాదాపుగా పనిచేయడం లేదు. కంటికోసం పెంచిన పువ్వు ముక్కుకు దూరమైంది. దేశీ గులాబీ రేకులు త్వరగా రాలుతాయి, ధర తక్కువ; అయినా సెహ్రాలోనూ, దర్గా చాదర్‌లోనూ వాసన కావాలంటే దానినే అడగాలి. ఒక కిలో గులాబీ తైలానికి 3 నుంచి 5 టన్నుల రేకులు కావలసి ఉంటుందంటే ఆ వాసన విలువ ఎంతో ఊహించవచ్చు.

2020లో రెండు దెబ్బలు ఒక్కసారే తగిలాయి. మార్చి చివర లాక్‌డౌన్ విధించడంతో పెళ్లిళ్లు ఆగాయి, ఆరాధనా స్థలాలు, పూల బజార్లు మూతపడ్డాయి. పూలు చెట్లమీదే ఎండిపోయి రైతులు నష్టపోయారు. అదే సమయంలో కోవిడ్ వ్యాధి లక్షలాది మంది వాసనను హరించింది. రుచి పోయిందని చెప్పినవారిలో అనేకులకు నిజంగా పోయినది వాసనే. ఆ వైరసు ఘ్రాణ నాడీకణాలలోకి నేరుగా కాక, వాటికి ఆసరాగా ఉండే పక్క కణాలలోకి ప్రవేశిస్తుందని అదే సంవత్సరం పరిశోధకులు చూపారు. సేవకులు పడిపోతే యజమాని కూడా పనిచేయలేడు. అదృష్టవశాత్తు ఘ్రాణ నాడీకణాలు జీవితాంతం మళ్లీ మళ్లీ పుట్టగలవు, అందువల్ల చాలామందికి వాసన తిరిగివచ్చింది. కొందరికి నెలలు, సంవత్సరాలు పట్టింది. వాసన లేనివానికి పాలు విరిగినదీ, గ్యాసు కారుతున్నదీ, కూర మాడినదీ తెలియదు. కన్నబిడ్డ తల వాసన కూడా తెలియదు. కంటిచూపుతో పోల్చి వాసనను చులకన చేసిన లోకానికి అప్పుడే దాని విలువ తెలిసివచ్చింది.

వాసన తిరిగి రావడానికి వైద్యులు సూచించే అభ్యాసమొకటుంది. జర్మనీకి చెందిన థామస్ హుమ్మెల్ బృందం 2009లో దీనిని ప్రకటించింది. రోజుకు రెండుసార్లు, వారాల తరబడి నాలుగు వాసనలను శ్రద్ధగా పీల్చాలి. ఆ నాలుగూ గులాబీ, లవంగం, నిమ్మ, యూకలిప్టస్. మొదటి మూడూ ఏ హకీం దుకాణంలోనైనా, ఏ హైదరాబాదీ వంటింట్లోనైనా దొరికేవే. కాని ఆ అభ్యాసానికి కళ్లకు ఇంపైన డచ్ గులాబీ పనికిరాదు. వాసన గల గులాబీయే కావాలి.

ఈ నేల మరొక మార్పును కూడా చూస్తున్నది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రిస్తూ 111 నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలను తొలగిస్తూ కొత్త ఉత్తర్వు ఇచ్చింది. తోటల మధ్య ప్లాట్లు, ఫామ్‌హౌసులు పెరుగుతున్నాయి. మంచి నీటికి రుచి, వాసన ఉండరాదని 'అల్ ఖానూన్' చెబుతుంది. గండిపేట నీటిని హైదరాబాదీలు తరతరాలుగా పొగిడింది కూడా అందుకే. నీటిలో సూక్ష్మజీవులు పెరిగితే మట్టి వాసన వస్తుంది. ఆ వాసననిచ్చే పదార్థం నీటిలో లక్ష కోట్ల వంతులలో కొద్ది వంతులున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. కాబట్టి నీటికి మొదటి కావలివాడు ప్రయోగశాల కాదు, ఇంటింటా నీళ్లు పట్టుకునే ఇల్లాలి ముక్కు.

రసము, జౌఖ్

సంస్కృతంలో 'రస' అంటే రుచి, సారం, కావ్యానందం కూడా. అరబీలో 'జౌఖ్' అంటే రుచి చూడటం. సూఫీల భాషలో అనుభవపూర్వకంగా తెలుసుకోవడం. ఇమామ్ గజాలీ (1058-1111) తన ఆత్మకథాత్మక గ్రంథంలో విని తెలుసుకోవడానికీ, జౌఖ్ ద్వారా తెలుసుకోవడానికీ గల భేదాన్ని వివరించారు. ఆరోగ్యమంటే ఏమిటో నిర్వచనం తెలియడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. దక్కన్‌లో ఈ రెండు మాటలూ కలుసుకున్నాయి. రెండవ ఇబ్రాహీం తన గీతాల సంపుటికి 'కితాబె నౌరస్' అని, 1599లో తలపెట్టిన కొత్త పట్టణానికి నౌరస్‌పూర్ అని పేరు పెట్టారు. తన కాలపు సుగంధ గ్రంథానికి కూడా అదే పేరు తగిలింది. రెండు భాషలూ నాలుకనే జ్ఞానానికి ఉపమానం చేసుకోవడం యాదృచ్ఛికం కాదు. చూసినది, విన్నది దూరంగానే ఉండవచ్చు; రుచి చూసినది మాత్రం తనలో కలిసిపోతుంది.

అల్ కిందీ, రాజీ, ఇబ్నె సీనాల వారసత్వమంటే వారి మాటలను అద్దాల బీరువాలో పెట్టడం కాదు. నల్లమందు మినహాయింపు చూపినవారు, రాబందుల కథను అనుమానించినవారు తమ శిష్యులనుంచి కోరింది ఆ పరీక్షా దృష్టినే. వారి పట్టికలో కారం, వగరు రుచులు కావని నేడు తేలింది. వారు చెప్పిన లాలాజలం, నాడి, ఘ్రాణ కందాలు నిలిచాయి. రెండింటినీ సమానమైన నిజాయితీతో చెప్పగలిగినప్పుడే చరిత్ర చరిత్రవుతుంది. బీజాపూర్ రోడ్డు పక్కన పూలు పండించే రైతుకు, పాతబస్తీలో అత్తరు అమ్మే వ్యాపారికి, యూనానీ దవాఖానాలో నాడి చూసే హకీముకు ఈ చరిత్రలో స్థానముంది. వాసన గల దేశీ గులాబీకి ఆ పొలాలలో నాలుగు సాళ్లయినా మిగిలితే, ఆ చరిత్రను చదవడమే కాక పీల్చి తెలుసుకునే వీలు రాబోయే తరానికి ఉంటుంది.